నందమూరి తారక రామారావు

నందమూరి తారక రామారావు (మే 28, 1923 - జనవరి 18, 1996) సుప్రసిద్ధ తెలుగు చలనచిత్ర నటుడు, దర్శకుడు, నిర్మాత, తెలుగుదేశం పార్టీ వ్యవస్థాపకుడు, ఆంధ్ర ప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన ప్రజానాయకుడు. ఎన్.టి.ఆర్. అనే పొట్టి పేరుతోను, అభిమానులు ఆప్యాయంగా పిలుచుకునే అన్నగారు అనే పేరుతోను ఇతడు తెలుగునాట చిరపరిచితుడు. దాదాపు 300 చిత్రాలలో నటించి, పౌరాణిక, జానపద, చారిత్రక, సాంఘిక చిత్రాలన్నిటిలోను రాణించాడు.

రామారావు ధరించిన వీరపాత్రలలో పలువురికి అంతకు ముందే లోకప్రసిద్ధుడైన మరొక వీరుడు మాతృకగా ఉన్నాడు. అరేబియా కథల అల్లావుద్దీన్ ఛాయలో రూపొందిన తోటరాముడు, అమెరికా బొమ్మల కథల సూపర్ మాన్ నమూనాపై రూపొందిన ఆంజనేయ భక్తుడు ఇందుకు ఉదాహరణలు. ఇటువంటి ఎరువు పాత్రలు తెలుగువారి సొంతం కావడంలో రామారావు నటనకు పెద్ద పాత్ర ఉంది. తెరపై ధరించిన అతిమానుష రూపాలు తెచ్చిన ప్రజాభిమానం 1983లో రాజ్యాధికారానికి దారితీసింది. తిరుపతి పట్టణానికి, నాటి చిత్తూరు జిల్లాకు ఇతని జీవితంలో ప్రత్యేక స్థానం ఉంది. వేంకటేశ్వరుని పాత్ర ధరించిన నటుడిగా ఇక్కడి భక్తుల మనసులలో నిలిచిన రామారావు, తొలిసారి శాసనసభకు పోటీ చేసిన రెండు స్థానాలలో తిరుపతి ఒకటి.

బాల్యము, విద్యాభ్యాసము

రామారావు కృష్ణా జిల్లా నిమ్మకూరు గ్రామంలో లక్ష్మయ్య, వెంకట రామమ్మ దంపతులకు జన్మించాడు. వ్యవసాయ కుటుంబం. పెదనాన్న రామయ్య ఇంట పెరిగాడు. ప్రాథమిక విద్య స్వగ్రామంలో ముగిసిన తరువాత చదువు కోసం విజయవాడ చేరాడు. అక్కడి ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో కవిసామ్రాట్ విశ్వనాథ సత్యనారాయణ తెలుగు శాఖాధిపతిగా ఉండేవాడు. కళాశాలలో ప్రదర్శించిన రాచమల్లు దౌత్యం నాటకంలో రామారావుకు నాగమ్మ పాత్ర లభించింది. మీసం తీయడానికి అంగీకరించక, మీసాలతోనే ఆ స్త్రీ పాత్ర ధరించడం వలన మీసాల నాగమ్మ అనే పేరు వచ్చింది.

మేనమామ కుమార్తె బసవరామ తారకంతో ఇతని వివాహం జరిగింది. తరువాత గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో పట్టభద్రుడయ్యాడు. 1947లో సబ్ రిజిస్ట్రారుగా ఉద్యోగం లభించింది కాని, నటన మీది మక్కువతో మూడు వారాలలోనే ఆ ఉద్యోగాన్ని వదులుకుని మద్రాసు చేరాడు.

చలనచిత్ర రంగ ప్రవేశము

రామారావు నటించిన మొదటి చిత్రం మనదేశం 1949లో విడుదలయింది. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించిన ఆ చిత్రంలో ఇతడు ధరించినది ఒక పోలీసు అధికారి పాత్ర. కథానాయకుడిగా ముందే ఒప్పందం కుదిరిన పల్లెటూరి పిల్ల 1950లో వెలువడింది. అదే సంవత్సరం విజయా సంస్థ వారి షావుకారులో నటించాడు. ఆ సంస్థతో ఏర్పడిన అనుబంధం పాతాళ భైరవి, పెళ్ళిచేసి చూడు, మిస్సమ్మ, మాయాబజార్, జగదేకవీరుని కథ, గుండమ్మ కథ వంటి చిత్రాలతో కొనసాగింది.

1952లో రాయలసీమలో తీవ్రమైన కరువు ఏర్పడినప్పుడు రామారావు తోటి కళాకారులతో కలిసి ఊరూరా తిరిగి నాటక ప్రదర్శనలు ఇచ్చి కరువు నిధికి విరాళాలు సేకరించాడు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు కూడా అక్కినేని నాగేశ్వరరావుతో కలిసి ఇదే విధంగా జోలె పట్టాడు. తెరపై కనిపించే వీరుడు ఆపద సమయంలో వీధిలోకి వస్తాడనే నమ్మకం ప్రజలలో ఏర్పడడానికి ఈ పర్యటనలు దోహదం చేశాయి.

జానపద వీరుడు - తోటరాముడు

1951లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన పాతాళ భైరవి రామారావును అగ్రశ్రేణి కథానాయకుడిని చేసింది. పింగళి నాగేంద్రరావు రచించిన ఈ కథకు మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథలు ఒక ఆధారం కాగా, అరేబియా కథలలోని అల్లావుద్దీన్ వృత్తాంతం మరొక ఆధారం. అల్లావుద్దీన్ పేదవాడు, మాంత్రికుడి చేతిలో చిక్కుకున్నవాడు, కోరినది ఇచ్చే దీపాన్ని పొంది రాజకుమారిని పెళ్ళాడినవాడు. తోటరాముడు కూడా పేదవాడే. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు. ఇతనికి ఎదురైనవాడు నేపాళ మాంత్రికుడు, లభించినది దీపం కాదు, పాతాళ భైరవి ప్రతిమ.

మాతృకకు, తెలుగు పాత్రకు మధ్య ముఖ్యమైన భేదం శక్తి లభించే తీరులో ఉంది. అల్లావుద్దీన్ దీపం చాలావరకు అదృష్టవశాత్తు చేతికి వచ్చినది. తోటరాముడు మాత్రం సాహసించి, మాంత్రికుడి మోసాన్ని తెలుసుకుని, ఎదిరించి ప్రతిమను దక్కించుకుంటాడు. ప్రతిమ చేజారిన తరువాత కూడా తన తెలివితోను, మిత్రుని సహాయంతోను రాజకుమారిని విడిపించుకుంటాడు. మంత్రశక్తి కంటె మానవ సాహసానికే పెద్దపీట వేసిన ఈ పద్ధతి తరువాతి తెలుగు జానపద చిత్రాలకు ఒరవడి అయింది. కాంతారావు మొదలైన ఇతర నటులు ధరించిన కత్తివీరుల పాత్రలు తోటరాముడి బాటలోనే నడిచాయి. ఆ విధంగా ఒక నమూనా నుండి పుట్టిన వీరుడు తానే మరికొందరికి నమూనా అయినాడు.

పౌరాణిక పాత్రలు

1954లో వచ్చిన ఇద్దరు పెళ్ళాలు చిత్రంలో ఒక స్వప్న దృశ్యంలో రామారావు కృష్ణుడిగా కనిపించాడు. ఆ వేషం ప్రేక్షకులను మెప్పించలేదు. అందువలన మాయాబజార్ చిత్రానికి కృష్ణుడి పాత్ర వచ్చినప్పుడు అతడు మొదట సంకోచించాడు. దర్శకుడు కె.వి. రెడ్డి పట్టుబట్టి, వేషధారణలోను, నడకలోను శ్రద్ధ వహించి ఆ పాత్రను తీర్చిదిద్దాడు. 1957లో విడుదలైన మాయాబజార్ తరువాత తెలుగువారికి కృష్ణుడంటే రామారావు రూపమే గుర్తుకు వచ్చే స్థితి ఏర్పడింది. ఆ పాత్రను అతడు 17 చిత్రాలలో ధరించినట్లు లెక్క.

రాముడు, భీష్ముడు, అర్జునుడు, భీముడు, కర్ణుడు వంటి పాత్రలతో పాటు రావణుడు, దుర్యోధనుడు వంటి ప్రతినాయక పాత్రలను కూడా రామారావు ఇష్టపడి ధరించాడు. నర్తనశాల (1963) చిత్రంలో బృహన్నల పాత్ర కోసం నలభై ఏళ్ళ వయసులో వెంపటి చినసత్యం వద్ద నాట్యం అభ్యసించాడు. స్వీయ దర్శకత్వంలో నిర్మించిన దానవీరశూర కర్ణ (1977) చిత్రంలో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు అనే మూడు పాత్రలను తానే పోషించాడు. 1968లో భారత ప్రభుత్వం ఇతనికి పద్మశ్రీ పురస్కారం ఇచ్చింది.

శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం

పి. పుల్లయ్య 1939లో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు కథానాయకుడిగా బాలాజీ చరిత్రను చిత్రంగా తీశాడు. అదే కథను 1960లో శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం పేరుతో మళ్ళీ తీసినప్పుడు రామారావు వేంకటేశ్వరుడిగా, సావిత్రి పద్మావతిగా నటించారు. సంగీతం పెండ్యాల నాగేశ్వరరావు. ఈ కథ జరిగే స్థలాలైన తిరుమల కొండ, తిరుచానూరు, ఆకాశరాజు రాజధాని నారాయణవనం అన్నీ నాటి చిత్తూరు జిల్లాలోనివే. నిత్యం చూసే గుడులకు, కోనేళ్ళకు సంబంధించిన కథ వెండితెరపై కనిపించడం ఈ ప్రాంతపు ప్రేక్షకులకు విశేషమైన అనుభవం అయింది.

ఈ చిత్రం విడుదలైన తరువాత తిరుమల యాత్రకు వచ్చిన తెలుగు భక్తులు అక్కడి నుండి బస్సులలో మద్రాసు చేరి, త్యాగరాయ నగర్ లోని రామారావు ఇంటి ముందు నిలిచి అతనిని చూసి వెళ్ళడం ఆచారంగా మారింది. తలనీలాలు సమర్పించి గుండ్లతో వచ్చిన యాత్రికులను రామారావు ఉదయం వేళ బయటకు వచ్చి పలకరించేవాడు. ఒక నటుడి ఇల్లు తిరుపతి యాత్రలో భాగం కావడం చలనచిత్ర చరిత్రలో అరుదైన విషయం. రెండు దశాబ్దాల తరువాత జరిగిన రాజకీయ పరిణామాలను విశ్లేషించినవారు చాలామంది ఈ అభిమానాన్ని ఒక కారణంగా పేర్కొన్నారు.

మాతృక గల సాంఘిక వీరులు

1970 దశకం నాటికి జానపద, పౌరాణిక చిత్రాల సంఖ్య తగ్గిపోయింది. హిందీలో అమితాబ్ బచ్చన్ ధరించిన ఆవేశపరుడైన యువకుడి పాత్ర దేశమంతటా ప్రసిద్ధి పొందింది. రామారావు ఈ మార్పును గుర్తించి హిందీ జంజీర్ ఆధారంగా నిప్పులాంటి మనిషి (1974), దీవార్ ఆధారంగా మగాడు (1976), డాన్ ఆధారంగా యుగంధర్ (1979) చిత్రాలలో నటించాడు. 1977లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో వచ్చిన అడవి రాముడు అపూర్వ విజయం సాధించి, యాభై నాలుగేళ్ళ వయసులో రామారావు నటజీవితానికి కొత్త ఊపు తెచ్చింది.

నిప్పులాంటి మనిషి కథలో ఒక అంశం ఇక్కడ గమనించదగినది. కథానాయకుడు చిన్నతనంలో తల్లిదండ్రుల హత్యను కళ్ళారా చూసి, పెరిగి పెద్దవాడైన తరువాత హంతకుడిని పట్టుకుంటాడు. ఇటువంటి పగ కథ ఆ దశకంలో తెలుగు, హిందీ చిత్రాలకు స్థిరమైన చట్రం అయింది. తరువాత వచ్చిన సూపర్ మాన్ చిత్రం కూడా ఈ చట్రంలోనే ఇమిడింది.

సూపర్ మాన్ (1980)

సూపర్ మాన్ పాత్రను అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరానికి చెందిన జెర్రీ సీగల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు సృష్టించారు. 1938లో యాక్షన్ కామిక్స్ అనే బొమ్మల కథల పుస్తకం తొలి సంచికలో ఈ పాత్ర ప్రచురితమయింది. నశించిపోయిన క్రిప్టాన్ గ్రహం నుండి పసివాడిగా భూమికి చేరిన ఇతడు మామూలు విలేకరిగా జీవిస్తూ, అవసరమైనప్పుడు ఎర్రని అంగవస్త్రంతో ఆకాశంలో ఎగిరి ఆపన్నులను రక్షిస్తాడు.

ఈ పాత్ర విజయంతో ఇదే పోలికలు గల వీరులు అనేకులు బొమ్మల కథలలో పుట్టుకొచ్చారు. వారిలో ముఖ్యుడు 1940లో ఫాసెట్ సంస్థ ప్రచురించిన కెప్టెన్ మార్వెల్. బిల్లీ బాట్సన్ అనే అనాథ బాలుడు షజామ్ అనే మంత్రాక్షరాన్ని ఉచ్చరించగానే మహాబలుడైన వీరుడిగా మారుతాడు. ఆ మంత్రంలోని ఒక్కొక్క అక్షరం సొలొమన్, హెర్క్యులిస్, అట్లాస్, జ్యూస్, అకిలీస్, మెర్క్యురీ అనే ప్రాచీన పురుషుల, దేవతల శక్తులకు సంకేతం. సూపర్ మాన్ ప్రచురణకర్తలు 1941లో ఇది అనుకరణ అని దావా వేశారు. 1951లో అప్పీలు న్యాయస్థానం తీర్పు దావా వేసినవారికి అనుకూలంగా వచ్చింది. 1953లో ఫాసెట్ సంస్థ 4 లక్షల డాలర్లు చెల్లించి, ఆ పాత్ర ప్రచురణను నిలిపివేసింది. దాని స్థానాన్ని భర్తీ చేయడానికి బ్రిటన్ లో 1954లో మార్వెల్ మాన్ అనే మరొక పాత్ర వెలువడింది. అనుకరణకు కూడా అనుకరణ ఏర్పడిందన్నమాట.

భారతదేశంలో 1960లోనే సూపర్ మాన్ పేరుతో హిందీ చిత్రాలు వచ్చాయి. వాటిలో ఒకదానిలో కథానాయకుడు కరీంనగర్ కు చెందిన తెలుగువాడు పైడి జైరాజ్. 1978లో క్రిస్టఫర్ రీవ్ నటించిన ఆంగ్ల చిత్రం ప్రపంచవ్యాప్తంగా విజయవంతమయిన తరువాత, 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో తెలుగు సూపర్ మాన్ వెలువడింది. రామారావు సరసన జయప్రద నటించింది. చక్రవర్తి సంగీతం సమకూర్చాడు. అప్పటికి రామారావు వయసు 57 సంవత్సరాలు.

ఈ చిత్రంలో పేరు, ఎగిరే శక్తి, ప్రత్యేక దుస్తులు అమెరికా పాత్ర నుండి వచ్చాయి. కాని కథానాయకుడు అన్యగ్రహవాసి కాడు. దుష్టుల చేతిలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న బాలుడు. అతనికి అతీంద్రియ శక్తులు ప్రసాదించినవాడు ఆంజనేయస్వామి. పెరిగి పెద్దవాడైన తరువాత ఆ శక్తితో దుష్టులను శిక్షిస్తాడు. అంటే దుస్తులు అమెరికావి, పగ కథ ఆనాటి సాంఘిక చిత్రాలది, బలం మాత్రం రామాయణానిది. దేవతల నుండి బలం పొందిన అనాథ బాలుడు అనే అంశం వలన ఈ పాత్ర సూపర్ మాన్ కంటె కెప్టెన్ మార్వెల్ కు ఎక్కువ దగ్గరగా కనిపిస్తుంది.

తెలుగు ప్రేక్షకునికి ఎగిరే వీరుడు కొత్త కాదు. సముద్రాన్ని లంఘించినవాడు, సంజీవని పర్వతాన్ని మోసుకువచ్చినవాడు ఆంజనేయుడు. నాటి చిత్తూరు జిల్లాలో ఆంజనేయునితో ముడిపడిన స్థలాలు అనేకం ఉన్నాయి. తిరుమల ఆలయానికి ఎదురుగా బేడి ఆంజనేయస్వామి గుడి, కొండపై జాపాలి తీర్థం ప్రసిద్ధమైనవి. ఏడుకొండలలో ఒకటి అంజనాద్రి. అరగొండ వద్ద ఉన్న అర్ధగిరి, సంజీవని పర్వతాన్ని తీసుకువెళ్ళేటప్పుడు విరిగిపడిన సగభాగమని స్థల పురాణం చెబుతుంది. క్రిప్టాన్ గ్రహం గురించి వినని ప్రేక్షకునికి కూడా ఈ కథ అర్థం కావడానికి ఇటువంటి విశ్వాసాలే ఆధారం.

సూపర్ మాన్ రామారావు గొప్ప చిత్రాలలో ఒకటిగా లెక్కకు రాదు. అయినప్పటికీ తెలుగులో వచ్చిన తొలితరం సూపర్ హీరో చిత్రాలలో ఒకటిగా దీనికి స్థానం ఉంది. ఈ తరహా కథలలో శక్తి ఎప్పుడూ ఇతరులు ఇచ్చినదే. దానిని ధర్మానికి వినియోగించినంత కాలమే అది నిలుస్తుంది. మూడేళ్ళలో రామారావు స్వయంగా ఇటువంటి పరీక్షను ఎదుర్కొన్నాడు.

రాజకీయ ప్రవేశము

ఆంధ్ర ప్రదేశ్ లో ముఖ్యమంత్రులను ఢిల్లీ నుండి తరచుగా మార్చడం వలన ప్రజలలో అసంతృప్తి పెరిగింది. తెలుగువారి ఆత్మగౌరవం అనే నినాదంతో రామారావు 1982 మార్చి 29న హైదరాబాదులో తెలుగుదేశం పార్టీని స్థాపించాడు. పాత షెవర్లే వాహనాన్ని చైతన్యరథం పేరుతో ప్రచారానికి అనువుగా మార్పించి రాష్ట్రమంతటా పర్యటించాడు. కుమారుడు హరికృష్ణ ఆ వాహనాన్ని నడిపాడు. దారి పక్కనే స్నానం, భోజనం, రథంపైనే నిద్ర.

1983 జనవరిలో జరిగిన ఎన్నికలలో రామారావు కృష్ణా జిల్లా గుడివాడ నుండి, చిత్తూరు జిల్లా తిరుపతి నుండి పోటీ చేసి రెండు చోట్లా గెలుపొందాడు. 294 స్థానాలున్న శాసనసభలో తెలుగుదేశం దాదాపు 200 స్థానాలు గెలుచుకుంది. పార్టీ పుట్టిన తొమ్మిది నెలలకే ఈ విజయం లభించింది. జనవరి 9న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో అతడు ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశాడు. రాష్ట్రంలో ఇది తొలి కాంగ్రెసేతర ప్రభుత్వం.

ఇదే ఎన్నికలలో చిత్తూరు జిల్లా చంద్రగిరిలో కాంగ్రెసు అభ్యర్థిగా ఓడిపోయినవారిలో అప్పటి మంత్రి, రామారావు అల్లుడు నారా చంద్రబాబు నాయుడు ఉన్నాడు. చంద్రగిరి సమీపంలోని నారావారిపల్లెలో జన్మించి, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదివిన చంద్రబాబు తరువాత మామ స్థాపించిన పార్టీలో చేరాడు.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో చేపట్టిన పనులు

* మహిళల ఉన్నత విద్య కోసం 1983లో తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఏర్పాటు చేయబడింది.

* తిరుమలలో యాత్రికులకు ఉచితంగా భోజనం పెట్టే నిత్యాన్నదాన పథకం 1985లో ప్రారంభమయింది. మొదట రోజుకు 2,000 మందికి భోజనం ఏర్పాటు చేశారు. తరువాతి కాలంలో ఈ పథకం ఎన్నో రెట్లు విస్తరించింది. నాటి చిత్తూరు జిల్లా కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరిట 2011లో పెద్ద అన్నప్రసాద భవనం ప్రారంభమయింది.

* రాయలసీమలో ఉన్నత స్థాయి వైద్యం కోసం తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థకు 1986లో శంకుస్థాపన జరిగింది. సంస్థ 1993లో సేవలు ప్రారంభించింది.

* కృష్ణా జలాలను రాయలసీమ మీదుగా మద్రాసుకు చేర్చే తెలుగు గంగ పథకం 1983లో ప్రారంభించబడింది. తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్ కూడా చలనచిత్ర రంగం నుండి వచ్చినవాడే. మద్రాసుకు నీరు చేరినది 1996లో, అంటే రామారావు మరణం తరువాత.

* 1987లో చేసిన దేవాదాయ చట్టం ద్వారా ఆలయాలలో వంశపారంపర్యంగా వస్తున్న మిరాశీ హక్కులు రద్దయ్యాయి. తిరుమల, తిరుచానూరు ఆలయాల అర్చక కుటుంబాలపై దీని ప్రభావం ఎక్కువగా పడింది. తరతరాల సేవకు ఇది అన్యాయమని అర్చకులు న్యాయస్థానాలను ఆశ్రయించారు. 1996లో సర్వోన్నత న్యాయస్థానం రద్దును సమర్థించింది. అర్చకుల సంక్షేమంపై చర్చ ఆ తరువాత కూడా కొనసాగింది.

తెరపై వేంకటేశ్వరుడైన వ్యక్తి చేతనే ఆ దేవుని ఆలయ వ్యవస్థలో ఇంత పెద్ద మార్పు జరగడం ఆ కాలంలో విశేషంగా చర్చించబడింది.

రాష్ట్ర స్థాయి సంస్కరణలు, విమర్శలు

కిలో రెండు రూపాయలకు బియ్యం పథకం, గ్రామాలలో కరణం, మునసబు వ్యవస్థ రద్దు (1984), మండల వ్యవస్థ (1985), ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు కల్పించే చట్ట సవరణ రామారావు ప్రభుత్వపు ముఖ్యమైన సంస్కరణలు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఏర్పడింది.

1984 ఆగస్టులో, అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకుని తిరిగి వచ్చిన కొద్ది రోజులకే గవర్నరు రాంలాల్ రామారావును పదవి నుండి తొలగించి, మంత్రివర్గ సహచరుడు నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశాడు. రామారావు తనకు మద్దతునిచ్చే శాసనసభ్యులతో ఢిల్లీ వెళ్ళి రాష్ట్రపతిని కలిశాడు. దేశంలోని ప్రతిపక్షాలన్నీ అండగా నిలిచాయి. ఒక నెల తరువాత, సెప్టెంబరు 16న అతడు తిరిగి ముఖ్యమంత్రి అయినాడు. 1985 మధ్యంతర ఎన్నికలలో తెలుగుదేశం 202 స్థానాలతో గెలుపొందింది. అనంతపురం జిల్లా హిందూపురం నుండి రామారావు ఆ ఎన్నికలోను, తరువాతి రెండు ఎన్నికలలోను గెలిచాడు.

మరొక వైపు విమర్శలు కూడా వచ్చాయి. 1983లో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుండి 55 సంవత్సరాలకు తగ్గించడం తీవ్రమైన ఆందోళనకు దారితీసింది. శాసన మండలిని 1985లో రద్దు చేయడాన్ని, 1989లో మంత్రివర్గాన్నంతటినీ ఒక్కసారిగా తొలగించడాన్ని ఏకపక్ష నిర్ణయాలుగా పలువురు తప్పుబట్టారు. కాషాయ వస్త్రధారణ కూడా పరిహాసానికి గురయింది. ఒక్కడే అన్నిటినీ చక్కదిద్దడం తెరపై వీరునికి అలంకారం. పరిపాలనలో అదే పద్ధతి లోపమని విమర్శకులు భావించారు. 1989 ఎన్నికలలో పార్టీ అధికారాన్ని కోల్పోయింది. మహబూబ్ నగర్ జిల్లా కల్వకుర్తిలో రామారావు స్వయంగా ఓడిపోయాడు.

చివరి దశ

ప్రతిపక్షంలో ఉన్న కాలంలో బ్రహ్మర్షి విశ్వామిత్ర (1991), మేజర్ చంద్రకాంత్ (1993) వంటి చిత్రాలలో నటించాడు. భార్య బసవతారకం 1985లో మరణించగా, 1993లో లక్ష్మీపార్వతిని వివాహం చేసుకున్నాడు. 1994 డిసెంబరు ఎన్నికలలో తెలుగుదేశం ఘనవిజయం సాధించింది. మళ్ళీ ముఖ్యమంత్రి అయిన రామారావు 1995 జనవరిలో మద్యనిషేధాన్ని అమలులోకి తెచ్చాడు.

పార్టీ వ్యవహారాలలో లక్ష్మీపార్వతి జోక్యంపై కుటుంబ సభ్యులలోను, శాసనసభ్యులలోను అసమ్మతి పెరిగింది. 1995 ఆగస్టులో శాసనసభ్యులలో అధిక సంఖ్యాకులు చంద్రబాబు నాయుడు పక్షాన చేరారు. రామారావు రాజీనామా చేయగా, సెప్టెంబరు 1న చంద్రబాబు ముఖ్యమంత్రి అయినాడు. 1984లో తనను తొలగించినప్పుడు శాసనసభ్యుల బలం, ప్రజల బలం రెండూ రామారావుకు తోడు నిలిచాయి. ఈసారి శాసనసభ్యుల బలం లేదు. ప్రజల వద్దకు మళ్ళీ వెళ్ళాలనే సన్నాహంలో ఉండగానే 1996 జనవరి 18న హైదరాబాదులో గుండెపోటుతో మరణించాడు. అతని సమాధి స్థలం హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎన్.టి.ఆర్. ఘాట్ పేరుతో ఉంది.

ప్రభావము

2022లో ఆంధ్ర ప్రదేశ్ జిల్లాల పునర్విభజనలో విజయవాడ కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఎన్.టి.ఆర్. పేరు పెట్టారు. అదే పునర్విభజనలో చిత్తూరు, నెల్లూరు జిల్లాల భాగాలతో తిరుపతి జిల్లా ఏర్పడింది. శతజయంతి సందర్భంగా 2023లో కేంద్ర ప్రభుత్వం రామారావు బొమ్మతో 100 రూపాయల నాణెం విడుదల చేసింది.

వీరపాత్రల విషయంలో రామారావు ప్రభావం అతని తరువాత కూడా కనిపిస్తుంది. ఆంజనేయుని నుండి శక్తిని పొందే సామాన్య యువకుడు కథానాయకుడిగా 2024 జనవరిలో విడుదలైన హను-మాన్ చిత్రం పెద్ద విజయం సాధించింది. అందులోని కల్పిత గ్రామం పేరు అంజనాద్రి. 1980 నాటి సూపర్ మాన్ పేరుకు, దుస్తులకు అమెరికా నమూనా అవసరమయింది. 44 సంవత్సరాల తరువాత వచ్చిన చిత్రానికి ఆ పేరు కూడా అవసరం కాలేదు.

తోటరాముడు, కృష్ణుడు, వేంకటేశ్వరుడు, సూపర్ మాన్ పాత్రలకు మూలాలు వేరువేరు. ఈ పాత్రలన్నీ కలిసి ఒకే ముఖంతో ప్రజల మనసులలో నిలిచాయి. ఆ ముఖానికి ప్రజలు ఇచ్చిన శక్తి 1983లో ఒక ప్రభుత్వాన్ని నిలిపింది, 1984లో దానిని తిరిగి తెచ్చింది, 1989లో వెనక్కి తీసుకోబడింది. తిరుమలలో భోజనశాలలు, తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం, వైద్య సంస్థ మాత్రం ఆ శక్తి ఉన్న కాలంలో జరిగిన పనులకు గుర్తుగా మిగిలాయి.

నమూనా గల కొన్ని ముఖ్య పాత్రలు

* పాతాళ భైరవి (1951) - తోటరాముడు. ఆధారం కాశీ మజిలీ కథలు, అల్లావుద్దీన్ కథ.

* శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం (1960) - వేంకటేశ్వరుడు. ఆధారం తిరుమల స్థల పురాణం.

* నిప్పులాంటి మనిషి (1974) - ఆధారం హిందీ చిత్రం జంజీర్.

* మగాడు (1976) - ఆధారం హిందీ చిత్రం దీవార్.

* యుగంధర్ (1979) - ఆధారం హిందీ చిత్రం డాన్.

* సూపర్ మాన్ (1980) - ఆధారం అమెరికా బొమ్మల కథల వీరుడు, ఆంజనేయ భక్తి.